మరమ్మతుకు ఎలక్ట్రానిక్ వస్తువును విదేశానికి పంపడం: ఏ మార్గంలో ఎంత సుంకం, ఎంత ఆలస్యం

చెడిపోయిన కెమెరానో, సింథసైజర్‌నో, లాప్‌టాప్‌నో వేరే దేశంలోని సర్వీస్ కేంద్రానికి పంపాలనుకున్నవారిలో చాలామంది రెండే ఖర్చులు లెక్క వేసుకుంటారు. ఒకటి రిపేరు చార్జీ, రెండోది రానుపోను రవాణా. మూడో ఖర్చు మాత్రం వస్తువు తిరిగి గుమ్మం ముందుకు వచ్చాక, డెలివరీ మనిషి చేతిలోని రసీదు మీద కనబడుతుంది. ఏనాడో డబ్బు పెట్టి కొని, అప్పుడే పన్నులన్నీ కట్టేసిన వస్తువు మీద మళ్లీ దిగుమతి సుంకం ఎందుకు కట్టాలన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే సరిహద్దు దగ్గర కూర్చున్న అధికారికి ఆ వస్తువు కొత్తగా కొన్నదో, మనదే తిరిగి వస్తోందో పెట్టెను చూస్తే తెలియదు. దానితో పాటు వచ్చిన కాగితాలను చూస్తేనే తెలుస్తుంది.

అందువల్ల పోస్టు, కొరియర్, కస్టమ్స్ బ్రోకర్ (మన తరఫున కస్టమ్స్ కాగితాలు దాఖలు చేసే మధ్యవర్తి), తయారీదారు సొంత ఏర్పాటు, ప్రయాణికుడి చేతి సామాను అనే అయిదు మార్గాలను ఇక్కడ రెండు ప్రశ్నలతో తూచి చూస్తాను. వస్తువు బయలుదేరిన రోజున, సీరియల్ నంబరుతో సహా, ఆ మార్గం మనకు ఎగుమతి రుజువు ఇస్తుందా? తిరిగి వచ్చేటప్పుడు ఆ వస్తువును మామూలు దిగుమతిగా గాక మరమ్మతు తరువాత పునర్దిగుమతిగా దాఖలు చేయగలదా? ఈ రెండింటికీ అవునని చెప్పగలిగే మార్గం చార్జీ ఎక్కువగా కనబడినా చివరికి చవకగా తేలే సందర్భాలు చాలా ఉన్నాయి.

నేను మొదటిసారి ఒక ఆడియో ఇంటర్‌ఫేస్‌ను పంపినప్పుడు ఇన్‌వాయిస్ మీద “విడిభాగాలు” అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను, సీరియల్ నంబరు ఎక్కడా రాయలేదు. రిపేరు పది రోజుల్లో పూర్తయింది. తిరుగు ప్రయాణంలో పెట్టె కస్టమ్స్ గిడ్డంగిలో ఇరవైమూడు రోజులు ఉండిపోయింది. అది నాదేనని, రిపేరు కోసమే వెళ్లిందని చూపే కాగితం ఒక్కటీ నా దగ్గర లేకపోవడంతో పూర్తి విలువ మీద పన్ను కట్టి విడిపించుకున్నాను. రెండోసారి మరో పరికరాన్ని పంపినప్పుడు ఎగుమతి కాగితాలను ముందే సిద్ధం చేసుకున్నాను, అది నాలుగు రోజుల్లో బయటపడింది. రెండుసార్లూ కొరియర్ సంస్థ ఒకటే, దారి ఒకటే.

ఒక్క పెట్టె, నాలుగు దశలు

రిపేరుకు వెళ్లివచ్చే వస్తువు కస్టమ్స్‌ను నాలుగుసార్లు దాటుతుంది. మన దేశం నుంచి ఎగుమతి, అక్కడ దిగుమతి, అక్కడి నుంచి ఎగుమతి, మళ్లీ మన దగ్గర దిగుమతి. ఆలస్యం ఈ నాలుగింటిలో ఎక్కడైనా జరగవచ్చు గానీ, డబ్బు పోయేది ప్రధానంగా రెండో, నాలుగో దశల్లోనే.

రెండో దశను చాలామంది మరచిపోతారు. రిపేరు చేసే దేశం దృష్టిలో మన వస్తువు ఒక దిగుమతి. అది తిరిగి వెళ్లిపోయేదని ముందుగా నమోదు చేస్తే తప్ప అక్కడ కూడా సుంకం, పన్ను పడతాయి. అమెరికాలో రిపేరు కోసం వచ్చే వస్తువులను బాండ్ (సుంకానికి బదులుగా ఇచ్చే హామీ) మీద తాత్కాలికంగా దిగుమతి చేసుకునే వెసులుబాటు ఉంది. మొదట ఏడాది గడువు ఇస్తారు, పొడిగింపులతో మొత్తం మూడేళ్ల వరకు ఉంచుకోవచ్చు. ఐరోపా సమాఖ్యలో ఇన్‌వర్డ్ ప్రాసెసింగ్ అనే విధానం ఇదే పని చేస్తుంది. వీటిని నడపవలసింది అక్కడి సర్వీస్ కేంద్రం గానీ, దాని బ్రోకర్ గానీ. కాబట్టి పెట్టె కట్టడానికి ముందే వారిని లిఖితపూర్వకంగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: “మీ దేశంలో దిగుమతిదారుగా ఎవరి పేరు ఉంటుంది, అక్కడి పన్ను ఎవరు భరిస్తారు?” దీనికి స్పష్టమైన జవాబు ఇవ్వలేని కేంద్రం ఎంత చక్కగా రిపేరు చేసేదైనా, పెట్టె అక్కడి గిడ్డంగిలో చిక్కుకున్న రోజున మనకు ఉపయోగపడదు.

ఇక్కడ ఏటీఏ కార్నే గురించి ఒక మాట చెప్పాలి. వస్తువులను సుంకం లేకుండా తాత్కాలికంగా విదేశాలకు తీసుకువెళ్లడానికి పనికొచ్చే ఈ పత్రాన్ని ప్రదర్శనలకు, వృత్తి పనులకు చాలామంది వాడతారు. రిపేరుకు గానీ, మరే మార్పుకు గానీ పంపే వస్తువులకు అది వర్తించదు. ఎవరైనా ఆ సలహా ఇస్తే దాని మీద డబ్బు పెట్టవద్దు.

దేని మీద లెక్క కడతారు

పునర్దిగుమతిలో అసలు ప్రశ్న సుంకం రేటు ఎంత అన్నది కాదు. ఆ రేటును ఏ మొత్తం మీద వేస్తారన్నదే. ఒక ఉదాహరణ చూద్దాం. వస్తువు విలువ 1,000, రిపేరు చార్జీ 150, రవాణా ఒక్కో వైపు 40 అనుకుందాం. సుంకం 5 శాతం, ఆపైన పన్ను 20 శాతం. మామూలు దిగుమతిగా దాఖలైతే 1,000కు తిరుగు రవాణా 40 కలిపి 1,040 మీద సుంకం 52 అవుతుంది. ఈ రెండూ కలిసిన 1,092 మీద పన్ను 218.40. మొత్తం 270.40 కట్టాలి. రిపేరు తరువాతి పునర్దిగుమతిగా దాఖలై, రిపేరు చార్జీనీ రెండు వైపుల రవాణానూ మాత్రమే లెక్కలోకి తీసుకుంటే 230 మీద సుంకం 11.50, పన్ను 48.30, మొత్తం 59.80. ఒకే వస్తువు, ఒకే రేట్లు అయినా తేడా 210 దాటింది. అది రిపేరు చార్జీ కంటే ఎక్కువ.

“ఎలక్ట్రానిక్స్ మీద సుంకం లేదు కదా” అని కొందరు ధీమాగా ఉంటారు. అందులో సగమే నిజం. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలో 1996లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందం, 2015లో 201 ఉత్పత్తులతో జరిగిన దాని విస్తరణ వల్ల, అందులో చేరిన దేశాలు కంప్యూటర్ల మీద, ఇంకా అనేక పరికరాల మీద దిగుమతి సుంకాన్ని ఎత్తివేశాయి. కానీ ఆ ఒప్పందం సుంకానికే పరిమితం. వ్యాట్, జీఎస్టీ వంటి పన్నులు దాని పరిధిలోకి రావు. పై లెక్కలో సుంకాన్ని సున్నా చేసి చూసినా పూర్తి విలువ మీద 208, రిపేరు విలువ మీద 46 వస్తాయి. అంటే భారంలో ఎక్కువ భాగం అలాగే ఉంది.

ఈ రాయితీ ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. అమెరికా టారిఫ్ షెడ్యూలులో 98వ అధ్యాయం కింద, విదేశంలో రిపేరై తిరిగివచ్చిన వస్తువుకు రిపేరు విలువ మీదనే సుంకం వేస్తారు. వారంటీ కింద జరిగిన రిపేరుకు ఒక ఉపశీర్షిక, మిగిలినవాటికి మరొకటి ఉన్నాయి. ఏం చేశారో, దాని విలువ ఎంతో తెలిపే ప్రకటన రిపేరు చేసినవారి నుంచి కావాలి. ఐరోపా సమాఖ్యలో దీనిని అవుట్‌వర్డ్ ప్రాసెసింగ్ అంటారు. వారంటీ ప్రకారమో, తయారీ లోపం వల్లనో ఉచితంగా రిపేరు చేశారని రుజువు చేస్తే దిగుమతి సుంకం నుంచి పూర్తి మినహాయింపు లభిస్తుంది. దానికి వస్తువు బయటికి వెళ్లేటప్పుడే ఆ విధానం కింద దాఖలై ఉండాలి. భారతదేశంలో 2017 జూన్ 30 నాటి 45వ కస్టమ్స్ నోటిఫికేషన్ ప్రకారం సముచితమైన రిపేరు ఖర్చు, రెండు వైపుల రవాణా, బీమా కలిపిన మొత్తం మీద సుంకం లెక్కకడతారు. ఉచితంగా రిపేరు చేసినా ఆ ఖర్చు నిజంగా అయినట్లే భావిస్తారు. సాధారణంగా మూడేళ్లలోపు తిరిగి రావాలి, యాజమాన్యం మారకూడదు, వెళ్లిన వస్తువే రావాలి.

ఈ మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఆ చివరి మాటే. వెళ్లిన వస్తువే తిరిగి వచ్చిందని చూపించాలి. ఎలక్ట్రానిక్స్‌లో దానికి సీరియల్ నంబరును మించిన సాక్ష్యం లేదు.

తక్కువ విలువ పార్సిళ్లకు సుంకం ఉండదన్న పాత నమ్మకం మీద కూడా ఇప్పుడు ఆధారపడకూడదు. ఐరోపా సమాఖ్య 22 యూరోల లోపు వ్యాట్ మినహాయింపును 2021 జూలై 1 నుంచి రద్దు చేసింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చిన మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ నిలిపివేసింది. రెండేళ్ల క్రితం ఎవరికో పన్ను పడలేదు కాబట్టి మనకూ పడదనుకోవడం ఇకపై తగదు.

పోస్టు

పోస్టు ద్వారా పంపడం అన్నిటికంటే చవక. విలువ 300 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం) లోపు ఉంటే సీఎన్ 22, దాటితే సీఎన్ 23 పత్రం నింపాలి. అందులో బహుమతి, అమ్మకం, నమూనా, తిరిగి పంపుతున్న వస్తువు, ఇతరాలు వంటి గడులు ఉంటాయి. రిపేరు కోసమని ప్రత్యేకమైన గడి సాధారణంగా కనబడదు. వెళ్లేటప్పుడు “ఇతరాలు” గడిలో టిక్ పెట్టి పక్కనే “మరమ్మతు కోసం, తిరిగి రావలసినది” అని రాయాలి. వచ్చేటప్పుడు “తిరిగి పంపుతున్న వస్తువు” గడిలో టిక్ పెట్టమని సర్వీస్ కేంద్రాన్ని కోరాలి. బహుమతి గడిలో టిక్ పెట్టడం అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది. అధికారి పెట్టె తెరిచి లోపల రిపేరు బిల్లు చూసిన క్షణంలో మిగతా కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది.

పోస్టు బలహీనత నాలుగో దశలో బయటపడుతుంది. వేలాది పార్సిళ్ల మధ్య మనది ప్రత్యేకమని చెప్పడానికి అక్కడ మన తరఫున మనిషి ఉండడు. పత్రం మీద కనబడిన విలువను బట్టి పన్ను వేసి పంపేస్తారు, దానిపై పోస్టు నిర్వహణ రుసుము కూడా కలుస్తుంది. అభ్యంతరం చెప్పాలంటే ఉత్తరాల ద్వారానే, అదీ వారాల తరబడి. ట్రాకింగ్‌లో “కస్టమ్స్‌లో ఉంది” అన్న ఒక్క వాక్యమే రోజుల తరబడి కనబడుతుంది. వస్తువు విలువ తక్కువైతే దీనిని భరించవచ్చు. విలువ 150, రిపేరు 60, రవాణా ఒక్కో వైపు 20, పన్ను 20 శాతం, సుంకం లేదు అనుకుంటే పూర్తి విలువ మీద పన్ను 34, రిపేరు విలువ మీద 20. ఆ పద్నాలుగు మిగుల్చుకోవడానికి బ్రోకర్‌ను పెట్టుకోవడం అర్థంలేని పని.

ఎక్స్‌ప్రెస్ కొరియర్

ఎక్స్‌ప్రెస్ కొరియర్‌కు సొంత విమానాలో, సొంత క్లియరెన్స్ విభాగమో, రెండూనో ఉంటాయి. కాగితాలు సరిగా ఉంటే విమానం దిగేలోపే డిక్లరేషన్ దాఖలవుతుంది. అయితే ఆ వేగమే కొన్నిసార్లు మనకు నష్టం చేస్తుంది. ప్రత్యేకంగా చెప్పనంతవరకు ఆ విభాగం ఇన్‌వాయిస్ మీది విలువతో మామూలు దిగుమతిగానే దాఖలు చేస్తుంది, కట్టవలసిన మొత్తాన్ని తానే ముందుగా కట్టేస్తుంది, దానిపై ముందస్తు చెల్లింపు రుసుము వేసి మన దగ్గర వసూలు చేస్తుంది. రాయితీ అడగడానికి మనకు దొరికే వ్యవధి పెట్టె అక్కడ విమానం ఎక్కినప్పటి నుంచి ఇక్కడ దిగేవరకే. సర్వీస్ కేంద్రం ట్రాకింగ్ నంబరు పంపిన గంటలోనే కొరియర్ క్లియరెన్స్ విభాగానికి ఎగుమతి రుజువు, రిపేరు బిల్లు, సీరియల్ నంబరు ఫోటో జతచేసి, ఏ నిబంధన కింద దాఖలు చేయాలో రాసి పంపాలి. పైన నేను చెప్పిన రెండోసారి ప్రయాణం నాలుగు రోజుల్లో ముగియడానికి ఈ ఒక్క ఈమెయిలే కారణం.

బుకింగ్ సమయంలో సుంకాలు ఎవరు కట్టాలన్న గడి కూడా ఉంటుంది. డీఏపీ అంటే అందుకునేవారు కట్టాలి, డీడీపీ అంటే పంపేవారే కట్టాలి. వెళ్లేటప్పుడు మనం డీఏపీ ఎంచుకుంటే అక్కడి పన్ను సర్వీస్ కేంద్రం మీద పడుతుంది. ముందుగా ఒప్పుకోని కేంద్రం పెట్టెను తిరస్కరిస్తుంది, తిరుగు రవాణా ఖర్చు మన నెత్తిన పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు వారు డీడీపీ ఎంచుకుంటే మనకు హాయిగానే ఉంటుంది గానీ, పూర్తి విలువ మీద కట్టిన పన్నును రిపేరు బిల్లులో కలిపేస్తారేమో అడిగి తెలుసుకోవాలి.

ఎవరు తీసుకువెళ్లినా బీమా సంగతి విడిగా చూసుకోవాలి. విమాన రవాణాకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, ప్రత్యేకంగా విలువ ప్రకటించని సరుకు పోతే రవాణాదారు బాధ్యత బరువును బట్టి ఉంటుంది. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్. 300 గ్రాముల ఫోనుకు అది 8 ఎస్‌డీఆర్ కూడా కాదు. సుంకం తగ్గుతుందని విలువను తగ్గించి రాసేవారు ఈ అంకెను ఒకసారి చూడాలి. రాసిన విలువకు మించి పరిహారం అడగడానికి వారికి దారి ఉండదు.

బ్రోకర్ ద్వారా సరుకు రవాణా

స్టూడియో మిక్సర్, వైద్య పరికరం, ప్రయోగశాల ఆసిల్లోస్కోపు వంటి ఖరీదైన, బరువైన వస్తువులకు లైసెన్సు ఉన్న కస్టమ్స్ బ్రోకర్ ద్వారా పంపడమే సరైన మార్గమని నా అభిప్రాయం. బయలుదేరేటప్పుడు సరైన ఎగుమతి డిక్లరేషన్ దాఖలవుతుంది, సీరియల్ నంబరు అందులోకి ఎక్కుతుంది, తిరిగి వచ్చినప్పుడు ఆ డిక్లరేషన్ నంబరును చూపి రాయితీ కోరతారు. ఫీజు రెండుసార్లు పడుతుంది, సమయం కూడా కొరియర్ కంటే కొన్ని రోజులు ఎక్కువే. కానీ ఆ రోజుల సంఖ్య ముందుగా ఊహించదగినది. కొరియర్‌లో మూడు రోజులు పట్టవచ్చు, ముప్పై రోజులూ పట్టవచ్చు.

తయారీదారు సొంత ఏర్పాటు

తయారీదారు ఆర్‌ఎంఏ నంబరు (వస్తువును తిరిగి పంపడానికి ఇచ్చే అనుమతి సంఖ్య) ఇచ్చి, ముందే చార్జీ కట్టిన లేబుల్ పంపితే మన పని చాలా తేలిక. దిగుమతిదారు వారే, కాగితాలూ వారివే. ఒక్క విషయంలో జాగ్రత్త పడాలి. చాలా కంపెనీలు పంపిన వస్తువును బాగుచేయకుండా దాని బదులు మరొకటి పంపిస్తాయి. సీరియల్ నంబరు మారిపోతుంది. అప్పుడు కస్టమ్స్ దృష్టిలో మన వస్తువు తిరిగి రాలేదు, కొత్తది వచ్చింది. ఐరోపా సమాఖ్యలో ప్రామాణిక మార్పిడి విధానం కింద బదులు వస్తువుకు కూడా రాయితీ ఉంది గానీ, అది అదే టారిఫ్ కోడ్‌కు (సుంకం కోసం వస్తువులకు ఇచ్చే వర్గ సంఖ్యకు) చెందాలి, అదే నాణ్యత, అదే సాంకేతిక లక్షణాలు ఉండాలి. ఇటువంటి వెసులుబాటు అన్నిచోట్లా ఉండదు. “మా పరికరాన్నే బాగుచేసి పంపుతారా, బదులు పంపుతారా? బదులు పంపితే పాత, కొత్త సీరియల్ నంబర్లు రెండూ ఇన్‌వాయిస్‌లో రాస్తారా?” అని పంపకముందే అడిగి, జవాబును భద్రపరచుకోవాలి.

ప్రయాణికుడి చేతికి ఇచ్చి పంపడం

బంధువో, మిత్రుడో వెళుతున్నాడు కదా అని ఇచ్చి పంపడం ఎంతో సహజంగా అనిపిస్తుంది. వేగం, జాగ్రత్త రెండూ దొరుకుతాయి. వస్తువు యజమానే స్వయంగా ప్రయాణిస్తుంటే నేనూ ఇదే సూచిస్తాను. విమానాశ్రయంలో బయలుదేరే ముందే కస్టమ్స్ కౌంటర్‌కు వెళ్లి వస్తువునూ సీరియల్ నంబరునూ నమోదు చేయించుకుని, ముద్ర వేసిన పత్రం తీసుకోవాలి. అమెరికాలో ఇందుకు 4457 అనే ఫారం ఉంది, భారతదేశంలో ఎగుమతి ధ్రువపత్రం ఇస్తారు. సామాను చెకిన్ చేశాక వస్తువును చూపించడం కుదరదు కాబట్టి గంట ముందుగా వెళ్లాలి. వేరొకరి చేతికి ఇస్తే మాత్రం వస్తువు ఎవరిది, రిపేరు బిల్లు ఎవరి పేరు మీద ఉంది అన్న ప్రశ్నలకు మనం లేని చోట ఆ మనిషి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఖరీదైన వస్తువు విషయంలో ఎవరి మీదా ఆ బరువు పెట్టకూడదు.

బ్యాటరీ ఉంటే లెక్క మారుతుంది

పై అయిదింటిలో ఏది ఎంచుకోవాలన్నది కొన్నిసార్లు బ్యాటరీయే నిర్ణయిస్తుంది. ఉబ్బిన, కారుతున్న, వేడెక్కుతున్న లిథియం బ్యాటరీని, అది పరికరం లోపల ఉన్నా సరే, విమానంలో సరుకుగా పంపడం నిషేధం. రిపేరుకు కారణం బ్యాటరీయే అయితే విదేశానికి పంపాలన్న ఆలోచననే మానుకుని, స్థానికంగా దానిని తీయించాలి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా తీసుకువెళ్లనివ్వరు. సరుకు విమానాల్లో కూడా చార్జి 30 శాతం మించకూడదు. పరికరంలో అమర్చి ఉన్న మంచి బ్యాటరీ ప్రమాదకర వస్తువుల జాబితాలో యూఎన్ 3481 వర్గంలోకి వస్తుంది. 100 వాట్ అవర్ లోపైతే నిబంధనలు కాస్త తేలికగా ఉంటాయి, అయినా పోస్టు శాఖలన్నీ దానిని అంగీకరించవు.

కాబట్టి తీయగలిగిన బ్యాటరీని తీసి ఇంట్లో పెట్టుకుని పంపడం మేలు. ఆలస్యానికి ఒక పెద్ద కారణం అక్కడికక్కడే తొలగిపోతుంది. ఇదే తర్కాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్లవచ్చు. లాప్‌టాప్ మొత్తం పంపనవసరం లేకుండా మదర్‌బోర్డు మాత్రమే పంపితే చాలంటే బరువు తగ్గుతుంది, విలువ తగ్గుతుంది, స్క్రీన్ పగిలే భయం ఉండదు, మన ఫైళ్లున్న డిస్క్ మన దగ్గరే ఉంటుంది. అప్పుడు బోర్డు మీది సీరియల్ నంబరును ఫోటో తీయాలి, లాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు పనికిరాదు. చెడిన భాగం ఏదో ఖాయంగా తెలిస్తే, పంపడం మానేసి ఆ భాగాన్నే తెప్పించుకుని స్థానికంగా వేయించుకోవడం మరింత మేలు. అప్పుడు సరిహద్దు దాటడం ఒక్క దిశలోనే, లెక్క కూడా భాగం విలువ మీదనే.

ఇన్‌వాయిస్ మీద ఏం ఉండాలి

ఆలస్యాల్లో అధిక భాగం విమానాల వల్ల రాదు, మాటల వల్ల వస్తుంది. “ఎలక్ట్రానిక్స్”, “విడిభాగాలు”, “నమూనా” వంటి అస్పష్టమైన వర్ణనలను ఐరోపా సమాఖ్య ముందస్తు సమాచార వ్యవస్థ అంగీకరించదు. “విలువ లేదు” అని గానీ, సున్నా అని గానీ రాస్తే పెట్టె ఆగిపోతుంది. చెడిపోయినదైనా, ఉచితంగా రిపేరైనా వస్తువుకు విలువ ఉంటుంది. “పాడైపోయింది”, “స్క్రాప్” అని రాయడం కూడా ప్రమాదమే. 2025 జనవరి 1 నుంచి, ప్రమాదకర వ్యర్థాల రవాణాను నియంత్రించే బాసెల్ ఒప్పందం కింద ఎలక్ట్రానిక్ వ్యర్థాలన్నింటికీ దేశాల మధ్య ముందస్తు అనుమతి అవసరమైంది. రిపేరుకు వెళుతున్న వస్తువును వ్యర్థంగా పొరబడే అవకాశం మన మాటతో మనమే ఇవ్వకూడదు.

నేను ఇప్పుడు రాసే తీరు ఇలా ఉంటుంది. “వాడిన డిజిటల్ కెమెరా, ఒకటి, తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు. మరమ్మతు కోసం తాత్కాలిక ఎగుమతి. అమ్మకం కాదు, యాజమాన్యం మారదు. మరమ్మతు తరువాత పంపినవారికే తిరిగి వస్తుంది. లోపం: షటర్ పనిచేయడం లేదు. ప్రస్తుత విలువ కస్టమ్స్ నిమిత్తం. ఆర్‌ఎంఏ నంబరు. హెచ్‌ఎస్ కోడ్ (టారిఫ్ వర్గ సంఖ్య). బ్యాటరీ లేదు.” దీనిని గమ్యదేశపు అధికారులు చదవగలిగే భాషలో మూడు ప్రతులు తీసి, ఒకటి పెట్టె లోపల, ఒకటి బయటి సంచిలో పెట్టి, ఒకటి దగ్గర ఉంచుకుంటాను. పెట్టె మూసే ముందు సీరియల్ నంబరు పలకను, ఆ పక్కనే ఇన్‌వాయిస్‌ను ఉంచి, రెండూ ఒకే ఫోటోలో చదవగలిగేలా తీస్తాను.

తిరుగు ఇన్‌వాయిస్ రాసేది సర్వీస్ కేంద్రంలోని గుమాస్తా. ఆయనకు మన దేశపు నిబంధనలు తెలియవు, తెలియాలని ఆశించడమూ న్యాయం కాదు. అందువల్ల ఆయన రాయవలసిన వాక్యాలను మనమే రాసి పంపాలి. వస్తువు విలువ ఒక వరుసలో, రిపేరు పని, వాడిన భాగాలు వేర్వేరు వరుసల్లో, రవాణా విడిగా, వారంటీ కింద ఉచితమైతే ఆ మాటతో పాటు మామూలుగా అయ్యే ఖర్చు ఉండాలి. మన ఎగుమతి డిక్లరేషన్ నంబరో, వెళ్లినప్పటి ట్రాకింగ్ నంబరో కూడా అందులో ఉండాలి.

ఎవరికి ఏది

ముందుగా ఒక చిన్న లెక్క వేసుకోవాలి. వస్తువు విలువలోంచి రిపేరు చార్జీనీ వెళ్లేటప్పటి రవాణానూ తీసివేసి, మిగిలిన మొత్తాన్ని సుంకం, పన్ను కలిసిన రేటుతో గుణిస్తే రాయితీ వల్ల మిగిలే డబ్బు సుమారుగా తెలుస్తుంది. అది బ్రోకర్ రెండు విడతల ఫీజు కంటే బాగా ఎక్కువైతే బ్రోకర్ ద్వారా పంపాలి. ఆ ఫీజుకు దగ్గరగా ఉంటే ఎక్స్‌ప్రెస్ కొరియర్‌లో పంపి, పైన చెప్పిన ఈమెయిల్ మాత్రం తప్పకుండా పంపాలి. ఫీజు కంటే బాగా తక్కువైతే పోస్టులో పంపి, పడిన పన్ను కట్టేయడమే తెలివైన పని. వారంటీ ఉన్నప్పుడు తయారీదారు ఏర్పాటే మొదటి ఎంపిక, బదులు వస్తువు ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు దొరికితే. పరికరం మీదనే జీవనోపాధి ఆధారపడినవారికి, అంటే రికార్డింగ్ ఇంజినీరుకో, ఫోటోగ్రాఫర్‌కో, డబ్బు కంటే రోజులే ముఖ్యం. వారు పోస్టు జోలికి పోకూడదు. థర్మల్ కెమెరాల వంటి వాటికి కొన్ని దేశాల్లో ఎగుమతి లైసెన్సు కూడా కావాలి కనుక, అటువంటివి ఉన్నవారు మార్గం ఎంచుకునే ముందే బ్రోకర్‌ను సంప్రదించాలి.

ఇంత చేసినా పూర్తి విలువ మీద బిల్లు రావచ్చు. అప్పుడు డబ్బు కట్టి పెట్టె తీసుకునే ముందు, దిగుమతి డిక్లరేషన్ ప్రతి ఇవ్వమని అడగాలి. ఏ కోడ్ కింద, ఏ విలువ మీద వేశారో అందులోనే ఉంటుంది, కొరియర్ రసీదులో ఉండదు. సవరణకు ఎక్కువ రోజులు పట్టేలా ఉండి, గిడ్డంగి అద్దె పెరుగుతుంటే, అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేసి, డబ్బు కట్టి వస్తువు విడిపించుకుని, తరువాత వాపసు కోరవచ్చు. ఐరోపా సమాఖ్యలో ఎక్కువ వసూలైన సుంకం వాపసు కోరడానికి మూడేళ్ల గడువు ఉంది, మిగతా దేశాల్లో గడువులు వేరు. ఆ దరఖాస్తుతో జతచేయవలసినవి ఎగుమతి రుజువు, రెండు ఇన్‌వాయిస్‌లు, రిపేరు బిల్లు, సీరియల్ నంబరు కనబడే ఫోటో. తిరిగివచ్చిన పెట్టె తెరిచేటప్పుడు కూడా లేబుల్, సీరియల్ నంబరు పలక ఒకే చిత్రంలో పడేలా మరో ఫోటో తీసి వాటితో పాటే ఉంచాలి.